లిథియం బ్యాటరీ మీది చీటీ: ఒక విమర్శ

పుస్తకాలను, నాటకాలను విమర్శించటం అందరూ ఎరిగిన పనే. బ్యాటరీ మీద అంటించిన చీటీని విమర్శకు తీసుకోవటం మాత్రం పాఠకులకు కొంత వింతగా తోచవచ్చును. కాని పాఠ్యపుస్తకంలో విద్యుద్ఘటాల ప్రకరణాన్ని పరీక్ష ముందు రోజున తప్ప తెరవని కుర్రవాడు కూడా ఈ చీటీని శ్రద్ధగా చదువుతాడు. చదివి, దాని మాట నమ్మి, తీగలు కలుపుతాడు. ఆ తరువాత కాలేది చీటీ వ్రాసినవాని చేయి కాదు గదా!

నేను చెప్పబోయేది రేడియో సంకేతాలతో నేలమీద నుంచి నడిపే నమూనా విమానాలలో, పడవలలో, కార్లలో వాడే లిథియం బ్యాటరీ ప్యాకులను గురించి. ఇవి ఇప్పుడు ఇంజనీరింగు కళాశాలల పోటీలలోను, పాఠశాలల ప్రయోగశాలలలోను, చివరకు హాస్టలు గదులలోను కనిపిస్తున్నవి. సామాన్యంగా దొరికే ప్యాకును ఒకదానిని తీసుకొందాం. బరువు రమారమి 180 గ్రాములు. ఎరుపు, నలుపు రంగులలో రెండు లావుపాటి తీగలు, వాటి చివర పసుపుపచ్చని కనెక్టరు. ప్రక్కనుంచి నాలుగు సన్నని తీగలు వచ్చి తెల్లని చిన్న కనెక్టరులో చేరుతవి. చీటీ మీద ఇట్లా ఉంటుంది: "లి-పో, 3ఎస్1పి, 11.1 వోల్టులు, 2200 ఎంఏహెచ్, 25సి." విమర్శకు మూలగ్రంథం ఇంతే.

చీటీని తూచే ముందు వస్తువుకు ఇవ్వవలసిన గౌరవం ఇవ్వాలి. నమూనా విమానాన్ని విద్యుత్తుతో ఎగురవేయాలన్న కోరిక పాతదే. 1957 జూన్ 30వ తేదీన ఇంగ్లండులో కర్నల్ టాప్లిన్ అనే ఆయన 'రేడియో క్వీన్' అన్న నమూనా విమానాన్ని వెండి-జింకు ఘటాలతో ఎగురవేశాడు. అవి ఖరీదైన ఘటాలు. ఎక్కువసార్లు చార్జికి నిలిచేవి కావు. తరువాత నికెల్-కాడ్మియం ఘటాలు చాలాకాలం రాజ్యం చేసినవి. విటింగ్‌హామ్ 1970 దశకంలోను, గుడినఫ్ 1980లోను, యొషినో 1985లోను చేసిన కృషి ఫలితంగా లిథియం-అయాన్ ఘటం రూపొంది 1991లో సోనీ కంపెనీ ద్వారా బజారుకు వచ్చింది. ఈ ముగ్గురికీ 2019లో రసాయనశాస్త్రంలో నోబెల్ బహుమానం లభించింది.

మన ప్యాకులోని శక్తి ఎంతో లెక్కకట్టి చూడండి. 11.1ని 2.2తో గుణిస్తే 24.4 వాట్-గంటలు, అంటే సుమారు 88,000 జౌలులు. కిలో బరువును ఎవరెస్టు శిఖరమంత ఎత్తుకు లేపటానికి ఈ శక్తి చాలును. ఇంతే శక్తిని సీసపు ఘటాలలో నింపాలంటే దాదాపు నాలుగింతల బరువు కావాలి. అంత బరువుతో ఈ చిన్న విమానం గాలిలోకి లేవదు. ఇంత శక్తిని అరచేతిలో పెట్టి ఇస్తున్నప్పుడు దానితోపాటు ఇచ్చే మాటలు కూడా అంత బరువుగాను ఉండాలి. నా ఫిర్యాదు అక్కడనే.

మొదటి మాట 'లి-పో', అనగా లిథియం పాలిమరు. ఇది వట్టి బిరుదు. పాలిమరు పొర ద్వారా మాత్రమే అయానులు ప్రయాణం చేసే ఘటాన్ని తయారుచేయాలని ఒకప్పుడు ప్రయత్నాలు జరిగినవి. పేరు ఆ కాలం నుంచి మిగిలిపోయింది. మన చేతిలోని ఘటంలో ఉన్న విద్యుద్విశ్లేష్యకం చాలావరకు ద్రవం, లేదా ద్రవం పీల్చుకొన్న జిగురు. ఆ ద్రవం కర్బన ద్రావణి. అగ్గి తగిలితే మండుతుంది. ఉక్కు డబ్బాకు బదులు ప్లాస్టిక్కు, అల్యూమినియం రేకులు కలిపి అతికిన సంచీలో దానిని మూసి ఉంచారు. సంచీ తేలిక, విమానానికి అది లాభం. కాని గోరుతో గట్టిగా నొక్కితే సొట్టపడుతుంది. 'పాలిమరు' అన్న మాట వినగానే గట్టి ప్లాస్టిక్కు ముక్క జ్ఞాపకం వస్తుంది. సంచీలో ద్రవమున్నదని చీటీ చెప్పి ఉంటే పిల్లలు దానిని మరొక విధంగా పట్టుకొనేవారు.

'3ఎస్1పి' మాత్రం మెచ్చుకోదగిన క్లుప్తత. మూడు ఘటాలు శ్రేణిలో, ఒక్కొక్క స్థానంలో ఒక్కటే ఘటం సమాంతరంగా, అని అర్థం. శ్రేణి సంధానం తొమ్మిది, పది తరగతుల పిల్లలకు తెలిసినదే. దానిని జ్ఞాపకం చేయటానికి ఇంతకంటె మంచి వస్తువు లేదు. అయితే ఈ మూడు ఘటాలు ఎన్నడూ సరిగా ఒకే రకంగా ఉండవన్న సంగతిని ఈ నాలుగక్షరాలు చెప్పవు. ప్యాకు మొత్తం మీద 12.60 వోల్టులు ఉన్నదనుకోండి. మూడు ఘటాలూ 4.20 చొప్పున ఉండవచ్చును. లేదా రెండు 4.30, ఒకటి 4.00 ఉండవచ్చును. మొత్తం అదే. మొదటి ప్యాకు ఆరోగ్యంగా ఉన్నది. రెండవదానిలో రెండు ఘటాలు ప్రమాదపు అంచు దాటినవి. తరగతి సగటు మార్కులు యాభై అని రిజిస్టరులో వ్రాసుకొని తృప్తిపడే మాస్టారికి ఎవరు తప్పుతున్నారో తెలియనట్లే, రెండు లావు తీగల మధ్య వోల్టేజిని మాత్రమే చూచేవానికి ఏ ఘటం చెడుతున్నదో తెలియదు. నాలుగు సన్నని తీగలు ఉన్నది ఇందుకే. చార్జరు వాటి ద్వారా ప్రతి ఘటాన్ని విడిగా చూచి, ముందుకు పోయిన ఘటం నుంచి కొంత విద్యుత్తును చిన్న నిరోధం గుండా వదిలించి, మూడింటిని సమం చేస్తుంది. తెల్ల కనెక్టరును తగిలించకుండా తొందరగా చార్జి చేసేవారు ఈ ఏర్పాటును వదులుకొంటున్నారు.

ఇక '11.1 వోల్టులు'. ఘటానికి 3.7 చొప్పున మూడింటికి 11.1, లెక్క సరియైనదే. కాని ఇది డిశ్చార్జి జరుగుతున్నంతసేపు ఉండే వోల్టేజికి రమారమి సగటు. నిండుగా చార్జి అయిన ఘటం 4.20 దగ్గర ఉంటుంది. ఏ పనీ చేయకుండా ఉంచినప్పుడు 3.8 ప్రాంతంలో ఉంటే ఘటం దాదాపు సగం ఖాళీ. విశ్రాంతిలో 3.7 కనబడితే మిగిలింది నూటికి పదో పదిహేనో పాళ్లు మాత్రమే. కనుక విమానం దింపి కొంచెంసేపు ఆగి మీటరు పెట్టి చూస్తే 11.1 వచ్చిందనుకోండి. "చీటీలో ఉన్నంతా ఉన్నది, ఇంకొకసారి ఎగురవేద్దాం" అనుకోవటం ఎంత సహజం! నిజానికి ఆ ప్యాకు అప్పటికే అడుగంటింది. సీసాలోని నీటిమట్టం మాదిరిగా ఈ వోల్టేజి సమంగా దిగదు; మొదట కొంచెం జారి, నడుమ చాలాసేపు మెల్లగా తగ్గి, చివరకు కొండ అంచు మీద నుంచి పడినట్లు పడిపోతుంది. ఆ పతనం దగ్గరకు పోకుండా సామర్థ్యంలో నూటికి ఎనభై పాళ్లు మాత్రమే వాడుకొమ్మని అనుభవజ్ఞులు చెబుతారు. మన ప్యాకులో అది 1760 మిల్లీ ఆంపియర్-గంటలు. సగటున 12 ఆంపియర్లు తీసుకొనే విమానానికి దాదాపు తొమ్మిది నిమిషాలు.

చీటీలో అన్నిటికంటె ఎక్కువగా ఆకర్షించేది, అన్నిటికంటె తక్కువ చెప్పేది, '25సి'. దుకాణంలో బేరం దీని మీదనే నడుస్తుంది. ముందు దాని అర్థం చూద్దాం. సామర్థ్యం 2.2 ఆంపియర్-గంటలు. ఆ అంకెకు 25 రెట్లు ఆంపియర్లు, అంటే 55 ఆంపియర్ల ప్రవాహాన్ని నిరంతరంగా ఇవ్వగలదని చెప్పటం. ఇక్కడ భౌతికశాస్త్రం చెప్పే ఉపాధ్యాయుడు ఒక్కక్షణం ఆగాలి. ఆంపియర్-గంటలను 25తో గుణిస్తే ఆంపియర్-గంటలే రావాలి గాని ఆంపియర్లు ఎట్లా వచ్చినవి? మితులు సరిపోవటం లేదు. ఈ లోపాన్ని అంతర్జాతీయ ఎలక్ట్రోటెక్నికల్ కమిషన్ వారు గుర్తించి, సామర్థ్యాన్ని ఒక గంటతో భాగిస్తే వచ్చే ప్రవాహానికి వేరే గుర్తు ఏర్పరచారు. బజారు ఆ గుర్తును స్వీకరించలేదు. '25సి' అంటే నిజానికి 'గంటకు 25 సార్లు ఖాళీ చేసే వేగం' అని చదువుకోవాలి. అప్పుడు ప్యాకు ఎంతసేపట్లో ఖాళీ అవుతుందో నోటిలెక్కగా వస్తుంది: 60ని 25తో భాగిస్తే 2.4 నిమిషాలు.

మితుల సంగతి పెద్ద తప్పు కాదు, దిద్దుకోవచ్చును. షరతులు లేకపోవటం అసలు తప్పు. 55 ఆంపియర్లు ఇవ్వగలదంటే ఏ ఉష్ణోగ్రతలో? వోల్టేజి ఎంతవరకు పడిపోవటానికి ఒప్పుకొని? ఎన్నిసార్లు చార్జి చేసిన తరువాత? నమూనా విమానాల బజారులో ఈ అంకెను నిర్ణయించటానికి అందరూ అంగీకరించిన పరీక్ష లేదు. కనుక ఎవరికి తోచిన అంకె వారు వేసుకొంటున్నారు. ఒకే బరువు, ఒకే పరిమాణం గల ప్యాకుల మీద 25, 45, 100 అన్న అంకెలు కనిపిస్తవి. 100 అంటే మన ప్యాకుకు 220 ఆంపియర్లు. దానికి బిగించిన పసుపుపచ్చని కనెక్టరు పేరులోనే 60 అంకె ఉన్నది. అది 60 ఆంపియర్లకు ఉద్దేశించినది. చీటీ మాట నిజమైతే కనెక్టరు ముందు కరగాలి!

చీటీ మీద లేని అంకె ఒకటి ఉన్నది. అది ఉంటే ఈ గొడవంతా లేదు. అది అంతర్నిరోధం. ఘటం లోపల అయానులు, ఎలక్ట్రానులు కదలటానికి ఎదురయ్యే అడ్డంకి అది. పాఠంలో V = E − Ir అని నల్లబల్ల మీద వ్రాసి, r విలువ ఒక ఓము అని లెక్క ఇచ్చి, మరుసటి పాఠానికి వెళ్లిపోతాం. మన ప్యాకులో ఒక్కొక్క ఘటానికి అంతర్నిరోధం 5 మిల్లీ ఓములు అనుకొందాం. కొత్తదానికి ఇది అసాధారణం కాదు. మొత్తం 15 మిల్లీ ఓములు. 55 ఆంపియర్లు తీస్తే లోపల జరిగే వోల్టేజి పతనం 0.8 వోల్టు, లోపల పుట్టే వేడి, ప్రవాహపు వర్గాన్ని నిరోధంతో గుణించగా, 45 వాట్లు. ఇరవైఅయిదు వాట్ల సోల్డరింగు ఐరన్లు రెండింటిని ప్యాకు మధ్యలో దూర్చి ఉంచినట్లు. 2.4 నిమిషాలలో పుట్టే ఉష్ణం 6500 జౌలులు. ప్యాకును ఒక డిగ్రీ వేడిచేయటానికి స్థూలంగా 180 జౌలులు కావాలి. గాలికి పోయే కొద్ది వేడిని వదిలివేస్తే ఉష్ణోగ్రత 36 డిగ్రీలు పెరుగుతుంది.

24 డిగ్రీల చల్లని గదిలో మొదలుపెడితే అది 60 దగ్గర ఆగుతుంది. తయారీదారులు మామూలుగా ఒప్పుకొనే పైహద్దు అదే. ఇదే పనిని రెంటచింతలలో మే నెల మధ్యాహ్నం, నీడలో 42 డిగ్రీలు ఉన్నప్పుడు చేస్తే? 78 డిగ్రీలు. చీటీ మారలేదు, ప్యాకు మారలేదు. 25సి అన్న మాట మాత్రం అక్కడ అబద్ధమైంది. ఇక 220 ఆంపియర్ల గొప్పను ఈ నిరోధంతోనే లెక్కకడితే లోపల 726 వాట్లు పుట్టాలి. ఇంట్లో ఇస్త్రీపెట్టె అంత! నిరోధం ఇందులో మూడవ వంతే అనుకొన్నా 240 వాట్లు తప్పవు.

నిరోధం కాలక్రమాన పెరుగుతుంది. ఇది తెలియక కలిగే తికమక ఒకటి చెబుతాను. మా కళాశాలలో ఒక విద్యార్థి తన ప్యాకును చార్జరు మీద నెమ్మదిగా ఖాళీ చేసి కొలిచి, "సార్, 1900 వచ్చింది, బ్యాటరీ బాగానే ఉన్నది, కాని విమానం లేవటం లేదు" అన్నాడు. రెండు మాటలూ నిజమే. అర ఆంపియరు తీసినప్పుడు నిరోధం సంగతి బయటపడదు. మోటారు 30 ఆంపియర్లు అడిగినప్పుడు, ప్యాకు నిరోధం 30 మిల్లీ ఓములకు చేరి ఉంటే 0.9 వోల్టు లోపలనే పోతుంది. వేగాన్ని నియంత్రించే పరికరం అది చూచి, బ్యాటరీ అయిపోయిందనుకొని మోటారును ఆపుతుంది. కుండ నిండుగానే ఉన్నది, మూతి ఇరుకైంది. సామర్థ్యమొకటి, ఇవ్వగల వేగమొకటి. ఆ వేగాన్ని చెప్పవలసిన అంకె '25సి' గనుక, అంటించిన రోజు నుంచి మారని ఆ అంకెను పట్టుకొని మారుతున్న వస్తువును ఎట్లా అంచనా వేస్తాం?

అంతర్నిరోధాన్ని పాఠశాలలోనే కొలవవచ్చును. పెద్ద పరికరాలేమీ అక్కరలేదు: కారు హెడ్‌లైటు బల్బులు మూడు, మంచి మల్టీమీటరు, ఏకముఖ ప్రవాహాన్ని కొలవగల క్లాంపు మీటరు. బల్బులు బాగా వేడెక్కుతవి గనుక ఉపాధ్యాయుడు దగ్గర ఉండవలెను. బల్బులను లావు తీగలకు కలపాలి. వోల్టేజిని మాత్రం తెల్ల కనెక్టరులో ఘటం ఘటానికి విడిగా కొలవాలి. సన్నని తీగలలో ప్రవాహం దాదాపు లేదు కనుక వాటిలో వోల్టేజి పతనం లేదు. నాలుగు తీగలతో చిన్న నిరోధాన్ని కొలిచే పద్ధతి కెల్విన్ నాటినుంచి ఉన్నదే. ఇక్కడ అది తయారుగా దొరికింది. ఒక బల్బు వెలిగించినప్పుడు ప్రవాహం 4.5 ఆంపియర్లు, ఘటాల వోల్టేజిలు 4.08, 4.08, 4.07 అనుకొందాం. మూడు బల్బులు సమాంతరంగా వెలిగిస్తే ప్రవాహం 13.5, వోల్టేజిలు 4.03, 4.03, 3.94 అయినవనుకొందాం. వోల్టేజి భేదాన్ని ప్రవాహ భేదమైన 9తో భాగిస్తే మొదటి రెండు ఘటాలకు 5.6 మిల్లీ ఓములు, మూడవదానికి 14.4. మొత్తం మీద చూస్తే 12.23 నుంచి 12.00కు దిగింది, ఎవరికీ అనుమానం రాదు. విడిగా చూస్తే మూడవ ఘటం రోగి అని తేలుతుంది. నిరోధం ఉష్ణోగ్రతతో మారుతుంది గనుక ఈ కొలతను ఎప్పుడు చేసినా ఇంచుమించు అదే ఉష్ణోగ్రతలో చేయాలి. నెలకొకసారి కొలిచి, తేదీతో సహా ప్యాకు మీద ఒక కాగితం అంటిస్తే, తయారుచేసినవారు వేయని చీటీని మనం వేసినట్లవుతుంది.

చీటీకి తోడుగా మడతపెట్టిన సూచనల కాగితం ఒకటి వస్తుంది. నేను చూచినవాటిలో తెలుగుది ఒక్కటీ లేదు. అందులో ఉన్న సూచనలు చాలావరకు సరియైనవే. కాని అన్నీ నిషేధాలే. ఎక్కువ చార్జి చేయవద్దు, తక్కువకు దింపవద్దు, చలిలో చార్జి చేయవద్దు, ఒంటరిగా వదలవద్దు. కారణం ఒక్కదానికీ లేదు. కారణం తెలియని నిషేధాన్ని పదునాలుగేళ్ల కుర్రవాడు ఎంతకాలం పాటిస్తాడు? కారణాలు చెప్పటం కష్టం కూడా కాదు.

ఘటంలో ధనధ్రువం వైపు కోబాల్టు ఆక్సైడు వంటి పదార్థం పొరలు పొరలుగాను, ఋణధ్రువం వైపు గ్రాఫైటు పొరలు పొరలుగాను ఉంటవి. చార్జి చేయటమంటే లిథియం అయానులను మొదటి పొరల నుంచి తీసి రెండవ పొరలలో కూర్చోబెట్టటం. డిశ్చార్జి అంటే వాటిని తిరిగి ఇంటికి పంపటం. 4.20 వోల్టుల దగ్గరకు వచ్చేసరికి కోబాల్టు ఆక్సైడు పొరలలోని లిథియంలో సుమారు సగం బయటకు వచ్చి ఉంటుంది. ఇంకా లాగితే పొరల కట్టడమే సడలుతుంది. ఆక్సిజన్ విడుదల కావటానికి దారి ఏర్పడుతుంది. మండే ద్రవం ప్రక్కన ఆక్సిజన్ వదలటం ఎటువంటి పనో వేరే చెప్పనక్కరలేదు. క్రింది అంచున మరొక చిక్కు ఉన్నది. ఘటాన్ని మరీ దింపితే ఋణధ్రువానికి ఆధారంగా ఉన్న రాగి రేకు కరగటం ప్రారంభిస్తుంది. కరిగిన రాగి తిరిగి చార్జి చేసినప్పుడు అక్కడక్కడ పేరుకొని లోపల దగ్గరిదారి కల్పించవచ్చును. పూర్తిగా చచ్చిన ప్యాకును ఎట్లాగో ఒకట్లా బ్రతికించామని సంతోషించేవారు ఈ సంగతి గుర్తించాలి. ఇక చలి: గ్రాఫైటు పొరలలోకి అయానులు నెమ్మదిగా దూరుతవి, మనం తొందరపెడితే లోపలికి పోలేక పైననే లోహంగా పేరుకొంటవి. సున్నా డిగ్రీల దిగువన ఇది తప్పదు. లంబసింగిలో డిసెంబరు తెల్లవారుజామున తప్ప మనకు ఈ బాధ తక్కువే గాని, అతి వేగంగా చార్జి చేసినా ఇదే జరుగుతుంది. కొన్ని చీటీల మీద 'చార్జి 5సి' అని ఉంటుంది. మన ప్యాకుకు అది 11 ఆంపియర్లు, పన్నెండు నిమిషాలు. అవసరం లేని ఆ తొందరకన్న 1సి, అంటే 2.2 ఆంపియర్లే మేలు.

ఆ 2.2 ఆంపియర్లతోనైనా చార్జరు గంటలో పని ముగించదు. మొదట ప్రవాహాన్ని స్థిరంగా ఉంచుతుంది. చార్జి చేసేటప్పుడు సమీకరణంలో గుర్తు మారి V = E + Ir అవుతుంది; అయానులు పొరలలో సర్దుకోవటానికి పట్టే ఆలస్యం కూడా V ని పెంచి చూపుతుంది. కాబట్టి బయట 12.60 కనబడినంత మాత్రాన లోపల నిండినట్లు కాదు. అప్పటినుంచి చార్జరు వోల్టేజిని 12.60 దగ్గర నిలిపి ప్రవాహాన్ని తగ్గనిస్తుంది. అది మొదటి ప్రవాహంలో పదో వంతుకో ఇరవయ్యో వంతుకో దిగినప్పుడు పూర్తిగా ఆపివేస్తుంది. సీసపు బ్యాటరీకి మాదిరిగా ఆ తరువాత సన్నని ధారగా చార్జి పెడుతూ ఉండకూడదు.

సీసం మాట వచ్చింది గనుక: మనలో చాలామందికి బ్యాటరీ అంటే ఇంటి ఇన్వర్టరులోని సీసపు బ్యాటరీయే. దానిని ఎప్పుడూ నిండుగా ఉంచాలి. ఖాళీగా ఉంచితే పలకల మీద సల్ఫేటు గట్టిపడుతుంది. నికెల్-కాడ్మియం కాలంలో అప్పుడప్పుడు పూర్తిగా ఖాళీ చేయమని చెప్పేవారు. ఈ రెండు అలవాట్లను పెద్దలు పిల్లలకు అప్పగిస్తున్నారు. లిథియం ప్యాకుకు రెండూ హానికరమే. నిండుగా నెలల తరబడి ఉంచితే, అందులోను ఎండలో, లోపల పక్కచర్యలు జరిగి వాయువు పుట్టి సంచీ ఉబ్బుతుంది. ఘటానికి 3.8, 3.85 వోల్టుల దగ్గర ఉంచి చల్లనిచోట దాచాలి. పోటీ వర్షం వల్ల ఆగిపోతే, నిండుగా చార్జి చేసిన ప్యాకులను ఆ రాత్రే ఆ మట్టానికి దింపాలి. దుకాణదారు ఈ మాట చెప్పినా, ఎంతసేపు పడుతుందో చెప్పడు. చిన్న చార్జర్లు డిశ్చార్జి చేసేటప్పుడు 5 వాట్లకు మించి వదిలించలేవు. మన ప్యాకులో సగం శక్తి, 12 వాట్-గంటలు, వదిలించటానికి దాదాపు రెండున్నర గంటలు కావాలి. నాలుగు ప్యాకులుంటే తెల్లవారుతుంది. ముందు చెప్పిన హెడ్‌లైటు బల్బు ఒక్కటి ఆ పనిని పావుగంటలో చేస్తుంది, దగ్గర కూర్చొని ఘటాల వోల్టేజిలను చూస్తూ ఉన్నట్లయితే.

సెల్‌ఫోనులోని బ్యాటరీకి ఇన్ని జాగ్రత్తలు లేవేమని పాఠకులు అడగవచ్చును. దానికి హద్దులు దాటనివ్వని రక్షణ వలయం బిగించి ఉంటుంది. విమానాల ప్యాకులో బరువు కోసం, భారీ ప్రవాహం కోసం దానిని తీసివేశారు. ఆ కాపలా పని వాడేవానికి అప్పగించినట్లు చీటీ మీద ఒక్క ముక్క ఉండవద్దా?

అపాయం జరిగినప్పుడు ఏమి చేయాలన్న విషయంలో మన ఉపాధ్యాయ లోకంలోనే ఒక అపోహ ఉన్నది. సోడియం ముక్కను నీటిలో వేసి మంట చూపించిన మాస్టర్లు, లిథియం కూడా ఆ కుటుంబానిదే గనుక నీరు పోయరాదని చెబుతారు. ఆరోగ్యంగా ఉన్న లిథియం-అయాన్ ఘటంలో లోహపు ముక్క ఉండదు, అయానులు ఉంటవి. మంటను పొడిగించేది వేడి. ఒక ఘటం వేడి ప్రక్క ఘటాన్ని అంటిస్తుంది. కనుక చార్జరును మెయిన్సు నుంచి ఊడదీసిన తరువాత ధారాళంగా పోసే నీరు ఆ వేడిని లాగివేస్తుంది. ప్రయాణికుల విమానాలలో ఇటువంటి బ్యాటరీలు అంటుకొంటే సిబ్బంది నీరు వాడేది ఇందుకే. అయితే పొగలో హైడ్రోజన్ ఫ్లోరైడు వంటి విషవాయువులు ఉంటవి. పిల్లలను గది నుంచి బయటకు పంపటం అన్నిటికంటె ముందు పని.

ఉబ్బిన ప్యాకును ఉప్పునీటి బకెట్టులో పడవేయమన్న సలహా ఇంకా చెలామణిలో ఉన్నది. ఉప్పునీటిలో ధనధ్రువపు రేకు త్వరగా తినివేయబడి తెగిపోతుంది. వలయం తెగిన తరువాత విద్యుత్తు లోపలనే నిలిచి ఉంటుంది. పైకి శవంగా కనిపించే ప్యాకులో ప్రాణం మిగిలి ఉంటుందన్న మాట. చిన్న బల్బుతో, ఆరుబయట, ఇసుక పరచిన మట్టి మూకుడులో ఉంచి నెమ్మదిగా సున్నా వరకు వదిలించటం మంచిది. అప్పుడు దానిని ఎక్కడ ఇవ్వాలి? మన దేశంలో 2022లో వచ్చిన బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం పాత బ్యాటరీల సేకరణ బాధ్యత తయారీదారులది, దిగుమతి చేసేవారిది. ఆ బాధ్యతకు గుర్తుగా కొన్ని చీటీల మీద మూలగా, కొట్టివేసిన చెత్తబుట్ట బొమ్మ వేస్తున్నారు. చెత్తబుట్టలో వేయకూడదని దానివల్ల తెలుస్తుంది. ఎవరికి ఇవ్వాలో, ఆ దుకాణం ఏ ఊరిలో ఉన్నదో, బొమ్మ క్రింద ఖాళీ స్థలం ఉన్నా వ్రాయరు.